మానుకోటకు వచ్చిన పరదేశులు



మిషనరీ అనగానే మనలో చాలామందికి తెల్లదొర గుర్తుకొస్తాడు. నెత్తిమీద టోపీ, చేతిలో బైబిలు, వెనకాల పెంకుటి బంగళా. అలాంటివాళ్లు మన జిల్లాలకు రాకపోలేదు. అమెరికన్ బాప్టిస్టులు 1879లోనే హనుమకొండలో మిషన్ పెట్టారు. ఇవాళ ఉక్రెయిన్ అంటున్న నేల మీద, అప్పటి రష్యా సామ్రాజ్యంలో పుట్టిన మెన్నొనైటు అనే క్రైస్తవ శాఖకు చెందిన యువకుడు అబ్రహాం ఫ్రీజెన్, భార్య మరియాతో 1890లో నల్లగొండ చేరాడు. ఆ వరసలో వచ్చినవాళ్లే తర్వాత జనగామలోనూ పనిచేశారు. వాళ్ల కథలు పెద్దవి, వాటికి వేరే రోజు కావాలి. ఇవాళ నేను చెప్పబోయేది మనలాగే చేత్తో అన్నం కలుపుకుని తినే మనుషుల సంగతి. తమిళదేశపు దక్షిణపు కొసన ఉన్న తిరునల్వేలి నుంచి రైళ్లు మారుతూ మన మానుకోటకు, డోర్నకల్‌కు వచ్చినవాళ్ల సంగతి. తర్వాత వాళ్లు కట్టిన గుళ్లూ బడులూ అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. వచ్చిన కొత్తలో వాళ్లు ఎలా నిలదొక్కుకున్నారు, వాళ్లను నిలబెట్టింది ఎవరు అన్నది మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు అదే ముఖ్యంగా తోస్తుంది.

తిరునల్వేలి నుంచి మానుకోటకు వస్తే అది పరదేశం ఎట్లా అవుతుందని మీరు అడగవచ్చు. 1904లో అయితే అది పరదేశమే. తిరునల్వేలి ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాజధానిలో ఉంది. బెజవాడ దాటి నిజాం రైలెక్కితే ఏలే రాజే మారిపోతాడు. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. మానుకోటకు మహబూబాబాద్ అన్న పేరు ఆయన మీదే వచ్చింది. ఇక్కడి సంతలో చెల్లేది హాలీ సిక్కా. ఉత్తరం మీద అంటించేది నిజాం సర్కారు బిళ్ల. లెక్కలు రాసేది ఫసలీ సంవత్సరాల్లో. తాసీలు కచేరీలో కాగితమంతా ఉర్దూ. 1884 నుంచి రాజ్యభాష అదే. అంటే కొత్తగా వచ్చిన తమిళుడు ఊళ్లో మాట్లాడటానికి ఒక భాష, కచేరీలో బతకడానికి ఇంకో భాష నేర్చుకోవాలి. రెండూ అతనివి కావు.

అసలు వాళ్లు ఎందుకొచ్చారో రెండు మాటల్లో చెప్తాను. వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే యువకుడు 1874లో తిరునల్వేలి దగ్గర వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఆ ఊరి గుడిలో పాదిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణాది అంతా తిరిగేవాడు. 1902లో సిలోనులోని యాఫ్నాకు వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమ మనుషులను వేరేచోటికి సేవకు పంపుతున్నారు. అది చూసి అతనికి సిగ్గేసింది. మన తిరునల్వేలిలో ఇంతమందిమి ఉన్నాం, వంద ఏళ్లుగా తెల్లవాళ్లు పంపిన సొమ్ముతో బతుకుతున్నాం, మనం ఎవరికి ఏం పంపాం అని తోచింది. మరుసటి ఏడే, 1903 ఫిబ్రవరిలో, పాళయంకోటలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సంఘం పుట్టింది. మనుషులూ మనవాళ్లే, సొమ్మూ మనదే, నడిపించేదీ మనమే అన్నది దాని కట్టుబాటు. పిడికెడు బియ్యం, అణా, అర్ధణా పోగేసే సంఘాలు అవి. ఆ సంఘం వెతికి వెతికి ఎంచుకున్న చోటు మన మానుకోట తాలూకా.

వాళ్లు పంపిన మొదటి మనిషి పేరు శామ్యూల్ పాక్యనాథన్. 1904లో వచ్చాడు. ఈ పేరు మన పాఠ్యపుస్తకాల్లో లేదు, డోర్నకల్ చుట్టుపక్కల సంఘాల్లో తప్ప బయట ఎవరికీ తెలియదు. అయినా మన ప్రాంతానికి పరదేశం నుంచి, ఏ సర్కారు అండా లేకుండా, సేవకని వచ్చి నిలిచిన తొలి మనుషుల్లో ఆయన ఒకరు.

ఆ రోజుల మానుకోటను ఒకసారి ఊహించుకోండి. ఊరు దాటితే అడవి. డోర్నకల్ అన్నది రైలు దారులు కలిసే చోటు, అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. అక్కడి నుంచి ఒక పాయ ఇల్లందు బొగ్గుబావులకు పోతుంది. ఇవాళ మా భూపాలపల్లిలో బొగ్గు తవ్వుతున్న సింగరేణి కథ అక్కడే, ఇల్లందులోనే మొదలైంది. వానాకాలం వస్తే చలిజ్వరం. దోమ కడుపులో మలేరియా పురుగును రోనాల్డ్ రాస్ కనిపెట్టింది ఇదే నిజాం రాజ్యంలో, సికిందరాబాదులో, 1897 ఆగస్టు 20న. కానీ ఆ సంగతి పల్లెకు చేరి, దోమతెర కట్టుకుని, క్వినైను మింగేదాకా ఎన్నో ఏళ్లు పట్టింది. కొత్తగా వచ్చినవాడికి ఈ నేల మొదట ఇచ్చేది జ్వరమే.

తర్వాత తిండి. మా చిట్యాల నుంచి గల్ఫ్‌కు పోయిన పిల్లలు మొదటి వారం ఇంటికి ఫోన్ చేస్తే మాట్లాడేది ఎక్కువగా కూడు గురించే. అక్కడి రొట్టె నోటికి పోతలేదు, కూరలో కారం లేదు, అన్నం కంపు కొడుతోంది అని. జీతం గురించి, పని గురించి రెండో వారం చెప్తారు. తామ్రపర్ణి ఒడ్డున వరి అన్నం తిని పెరిగిన పిల్లవాడికి మన మెట్ట పల్లెలో పెట్టింది ఏమిటి? జొన్న గట్క, అంబలి, పచ్చిపులుసు. అదీ పెట్టినవాళ్లు కడుపు నిండా తినగా మిగిలింది కాదు. పూట గడవని ఇంట్లో అతిథికని తీసిపెట్టింది. దాన్ని వద్దనడానికి లేదు, ఇష్టంగా తిననూ లేడు. సేవ చేద్దామని వచ్చినవాడు మొదట చేయవలసి వచ్చేది ఇదే: ఎదుటి బీదవాడు పెట్టింది పుచ్చుకోవడం. ఇవ్వడంకన్నా అది కష్టమని నేననుకుంటాను.

ఒక్క తాటిచెట్టు మాత్రం వాళ్లకు తెలిసిన చెట్టు. తిరునల్వేలి ఎర్ర ఇసుక నేలలంతా తాళ్లే. అజరయ్య పుట్టిన నాడార్ల కులానికి తాటిచెట్టు ఎక్కడం తాతల నాటి వృత్తి. కానీ అక్కడ గీసిన నీరాను పొద్దున్నే దించి, కుండల్లో కాచి, కరుప్పట్టి అనే తాటిబెల్లం వండుతారు. ఆడవాళ్లు పొయ్యి ముందు కూర్చుని గంటల తరబడి కలియబెడతారు. కొబ్బరిచిప్పల్లో పోసి ఆరబెడతారు. ఆ బెల్లం అమ్మి పిల్లలను బడికి పంపిన కుటుంబాలు ఎన్నో. ఇక్కడ మన దగ్గర అదే చెట్టు, అదే మోకు, అదే లొట్టి. సాయంత్రానికి కల్లు. పొద్దంతా దొర పొలంలో వెట్టిచేసి ఒళ్లు పులిసిపోయిన మనిషికి ఆ కల్లు మందు లాంటిది, కూలి డబ్బులను మింగేదీ అదే. తర్వాతి కాలంలో అజరయ్య తన పల్లెల్లో నాలుగింటి మీద పోరాడాడు: మురికి, రోగం, అప్పు, తాగుడు. తాగుడు గురించి ఆయన మాట్లాడింది పుస్తకం చదివి కాదు. తాటిచెట్టు ఒక ఊళ్లో ఏం చేయగలదో, ఇంకో ఊళ్లో ఏం చేస్తుందో రెండూ చూసిన మనిషి ఆయన. అప్పునూ రోగాన్నీ దాని పక్కనే పెట్టడం నాకు నచ్చిన సంగతి. తాగుడు ఒక్కదాన్నే తిట్టి ఊరుకుంటే అది బీదవాడిని తిట్టడమే అవుతుంది.

ఇక భాష. తమిళం, తెలుగు ఒక కుదురులో పుట్టిన భాషలే అయినా లిపి వేరు, నుడికారం వేరు. పరాయివాళ్లు తెలుగు నేర్చుకోవడానికి ఆ కాలంలో చేతికి దొరికేవి ఆర్డెన్ 1873లో వేసిన వ్యాకరణం, బ్రౌను 1852లో వేసిన నిఘంటువు. అవి మంచి పుస్తకాలే. కానీ వాటిని ముందేసుకుని కూర్చుంటే మానుకోట వాడలో జనం మాట్లాడేది చెవికెక్కదు. గిడుగు రామమూర్తి గారు వాడుకభాష కోసం కొట్లాట మొదలుపెట్టింది కూడా ఈ రోజుల్లోనే. బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషు అధికారికి కూడా ఇదే చిక్కు ఎదురైంది. పుస్తకంలో ఉన్న తెలుగు ఒకటి, బజారులో వినిపించేది ఇంకొకటి ఎందుకని ఆయన అడిగాడు. మానుకోటలో అయితే బజారు తెలుగులో సగం ఉర్దూ మాటలు కలిసి ఉంటాయి. ఏడికెల్లి వచ్చిండ్రు అని ముసలమ్మ అడిగితే ఆర్డెన్ పుస్తకంలో జవాబు దొరకదు. ఆ ముసలమ్మే చెప్పాలి. పశువుల వెంట పోయే పిల్లలు చెప్పాలి. తప్పు పలికితే నవ్వి, మళ్లీ చెప్పించి, మళ్లీ నవ్వాలి. బడి ముఖం చూడని పిల్లలు ఆ రోజుల్లో పంతుళ్లయ్యారు. ఊరికి బుద్ధి చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి ఊరి పిల్లల దగ్గర మాటలు దిద్దించుకున్నాడు.

కులం మాట చెప్పకుండా ఈ కథ సాగదు. తెల్లవాడు వస్తే ఊరు అతన్ని దొరల లెక్కలో వేసుకుంటుంది. అతనికి ఏదైనా జరిగితే హైదరాబాదులో ఇంగ్లీషు రెసిడెంటు ఉన్నాడని పటేలు పట్వారీలకు తెలుసు. తిరునల్వేలి మనిషి వెనక ఎవరున్నారు? నల్లటి మనిషి, మాట రాదు, తెలిసిన చుట్టం లేడు. మంచినీళ్లు ఇచ్చే ముందు ఊరు అడిగేది ఎవరోల్లు అని. నాడార్లను సొంత దేశంలోనే గుళ్లోకి రానిచ్చేవాళ్లు కాదు. ఆ గొడవ ముదిరి 1899లో శివకాశిలో ఇళ్లు తగలబడ్డాయి. ఇక్కడికొస్తే ఆ కులం పేరే ఎవరికీ తెలియదు. ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో ఊరికి అంతుపట్టదు. ఊరు తలుపు వేసుకుంటే ఊరవతల ఉన్న మాలవాడ, మాదిగవాడ తలుపు తీశాయి. వాళ్ల గుడిసెల్లో దాచడానికి ఏమీ లేదు, ఇవ్వడానికీ ఏమీ లేదు. అయినా జాగా ఇచ్చారు. ఆ జాగా ఇచ్చినందుకు దొరతో, పటేలుతో మాట పడ్డది కూడా వాళ్లే. వచ్చినవాడికి ఇష్టం లేకపోతే రైలెక్కి పోవచ్చు. వాళ్లు పోవడానికి వేరే ఊరు లేదు.

పని ఎప్పుడు చేయాలన్నదీ ఆ వాడే చెప్పింది. పగలు ఏ మనిషీ దొరకడు. పగలంతా వెట్టిది, దొరది, పొలానిది. చీకటి పడ్డాక, పొయ్యి ఆరాక, నలుగురూ ఒకచోట చేరితేనే మాట. కందిలి వెలుగులో చాప మీద కూర్చుని, చదువు రాని జనానికి పాట కట్టి కథ చెప్పాలి. ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకోవాలి. నిద్ర ముంచుకొస్తున్న కళ్లతో, తాళం తప్పకుండా. మన పల్లెల్లో భజన ఎట్లా సాగుతుందో అట్లాగే. తర్వాత డోర్నకల్ సంఘాల్లో రాత్రి ప్రార్థన, కీర్తన ఒక అలవాటుగా స్థిరపడ్డాయంటే అది పైవాళ్లు కూర్చుని రాసిన పద్ధతి కాదు, మన కూలీల పొద్దు చెప్పిన పద్ధతి.

1906 నాటికి మొదటి బాప్తిస్మాలు జరిగాయి. అజరయ్య అప్పటికి వచ్చిపోయే పెద్దమనిషి మాత్రమే. 1905 క్రిస్మస్ నాడు శ్రీరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘం పెట్టినవాళ్లలో ఆయనొకడు. 1907లో టోక్యోలో జరిగిన క్రైస్తవ విద్యార్థుల మహాసభకు వెళ్లాడు. పేరు వచ్చింది, ఉద్యోగం బాగుంది. కానీ సభల్లో నిలబడి పడుచువాళ్లను మీరు పొండి, మీరు పొండి అని చెప్తున్న మనిషికి నేనెందుకు పోలేదన్న ప్రశ్న నిద్రపట్టనివ్వలేదు. 1909లో ఉద్యోగం వదిలి, పాదిరిగా అభిషేకం పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌తో, పిల్లలతో డోర్నకల్ వచ్చేశాడు. ముప్ఫై అయిదేళ్ల వయసు. ఇంగ్లీషులో పెద్ద పెద్ద సభలను కదిలించిన గొంతు డోర్నకల్ స్టేషను బయట బండివాడితో బేరం ఆడటానికి మాట దొరక్క తడబడి ఉంటుంది. పసిపిల్లలతో వచ్చిన ఆ తల్లి సంగతి ఇంకా ఎక్కువ ఆలోచించాలి. ఆయనకు పని ఉంది, ప్రయాణాలు ఉన్నాయి. ఆమెకు కట్టెలూ నీళ్లూ జ్వరాలూ, చుట్టూ భాష తెలియని ఆడవాళ్లూ. ఆమె కూడా తెలుగు నేర్చుకుని ఆ ఆడవాళ్ల మధ్యనే బతికింది. మిషనరీల చరిత్ర రాసేవాళ్లు భార్యల దగ్గరికి వచ్చేసరికి తొందరపడతారు. అది పెద్ద లోటు.

మనవాళ్లు బయటికి పోలేదా అంటే, పోయారు. అదే 1903లో, పాళయంకోటలో సంఘం పుట్టిన ఏడే, మన కోస్తా తెలుగు బాప్టిస్టులు తమ హోమ్ మిషన్ సంఘం తరఫున జాన్ రంగయ్య అనే ఆయన్ను దక్షిణాఫ్రికాకు పంపారు. నేటాల్ చెరకు తోటలకు 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా కూలీలు పోతూ ఉన్నారు. 1911 వరకు మొత్తం లక్షా యాభై రెండు వేల మంది భారతీయులు ఆ ఒప్పందాల మీద పోయారు. అందులో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. తమకు ప్రార్థన చెప్పే మనిషిని పంపమని వాళ్లే ఇంటికి కబురు చేశారు. రంగయ్య కుటుంబంతో సహా ఓడెక్కి పోయాడు. ఆ ఏడాది జూన్‌లోనే డర్బన్‌లో గాంధీగారి ఇండియన్ ఒపీనియన్ పత్రిక మొదలైంది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం నాలుగు భాషల్లో వచ్చేది. తెలుగు లేదు. తోటల్లో పనిచేసే తెలుగు కూలీకి తన భాషలో కాగితం లేదు, బడి లేదు. అలాంటి చోట ఓడ దిగి తెలుగులో పలకరించే మనిషి ఎదురొస్తే వాళ్లకెట్లా ఉండి ఉంటుందో మీరే ఆలోచించండి. ఆ డిసెంబరులోనే కియర్స్‌నీ టీ తోట దగ్గర తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. రంగయ్య 1915లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

రంగయ్యకు భాష చిక్కు లేదు, పిలిచినవాళ్లు ఎదురుచూస్తున్నారు. పాక్యనాథన్‌కూ అజరయ్యకూ ఆ రెండు సౌకర్యాలూ లేవు. అందుకే మానుకోట మొదటి రోజులు మరింత కఠినమైనవని నా లెక్క.

ఇప్పుడు ఎడింబరో సంగతి. డోర్నకల్ వచ్చిన మరుసటి ఏడాది, 1910 జూన్‌లో, స్కాట్లండులో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు పన్నెండు వందల మంది ప్రతినిధులు. ఆసియా నుంచి వచ్చినవాళ్లు ఇరవై మంది కూడా లేరు. అజరయ్య లేచి మాట్లాడాడు. ఆయన చెప్పిన సారం ఇది: మీరు మా దేశానికి వచ్చి ఎంతో ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, కానీ మా ఇళ్లకు రారు, మమ్మల్ని మీ ఇళ్లకు పిలవరు, మాకు కావలసింది స్నేహితులు. సభలో కొందరు తెల్లమొహం వేశారు, కొందరికి కోపం వచ్చింది. నూరేళ్లు దాటినా క్రైస్తవ ప్రపంచంలో ఆ ప్రసంగం గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు.

చిన్నప్పటి నుంచి తెల్ల అధికారుల దగ్గర, తెల్ల పాదిరుల దగ్గర ఆయన చూసిన ఎచ్చుతగ్గులన్నీ ఆ మాటల వెనక ఉన్నాయి. డోర్నకల్ కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. అప్పటికి ఏడాదిగా ఆయన తానే పరాయివాడుగా ఒక వాడలో ఉంటున్నాడు. ఇచ్చేవాడి చేయి పైన ఉంటే ఏమవుతుందో తన చేతితోనే తెలుసుకుంటున్నాడు. మిషన్ సొమ్ము ఉన్న మనిషి, చదువుకున్న మనిషి, ఊరు అయ్యగారు అని పిలిచే మనిషి. తాను కూడా ఇంకో దొర కావడానికి ఎంతసేపు పడుతుంది? వాడలో పెట్టింది తినడం, వాళ్ల చాప మీద కూర్చోవడం, వాళ్ల మాట నేర్చుకోవడం అన్నవి ఆయనకు మర్యాద కోసం చేసే పనులు కావు. అవి చేయకపోతే తాను తెల్లవాళ్లను ఏమని అడగగలడు?

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు. పీఠం మన డోర్నకల్. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా అదే ఆయన ఊరు. 1939లో పూర్తయిన పెద్దగుడిని చూసినవాళ్లకు తెలుసు: గుడి స్తంభాలూ మసీదు మినార్లూ గుమ్మటాలూ ఒకేచోట ఉంటాయి. మతమార్పిడి మీద గాంధీగారికీ ఆయనకూ 1930లలో గట్టి వాదం జరిగింది. ఆ వాదం ఇవాళ్టికీ తెగలేదు, మన ఇళ్లలో కూడా రెండు పక్షాలున్నాయి. గాంధీగారు లేవనెత్తిన ప్రశ్నలు పెద్దవే. అయితే వాడలో ఉన్న మనిషికి తన మనసు తాను నిర్ణయించుకునే తెలివి ఉందని అజరయ్య పట్టుబట్టాడు. ఆ వాడ పెట్టిన కూడు తిని, ఆ వాడ దగ్గర మాటలు నేర్చుకున్న మనిషి ఇంకోలా అనలేడు.

మానుకోట, డోర్నకల్, గార్ల, ఇల్లందు, జనగామ వైపు ఈ ప్రసంగం వింటున్నవాళ్లకు ఒక విన్నపం. వచ్చినవాళ్ల పేర్లు సంఘాల నివేదికల్లో ఉన్నాయి. మొదటి రాత్రి వాళ్లకు చోటిచ్చిన ఇంటివాళ్లవి, జ్వరం వస్తే కషాయం కాచిన అమ్మలవి, మాటలు దిద్దిన పిల్లలవి పేర్లు ఆ నివేదికల్లో దొరకవు. మీ ఇళ్లలో ఎనభై ఏళ్లు దాటిన పెద్దలుంటే, మా తాత ఇంట్లోనే మొదట దిగిండ్రని ఎప్పుడో ఒకసారి చెప్పి ఉంటారు. ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చోండి. తాత పేరేమిటి, ఇల్లు ఏ వాడలో ఉండేది, అప్పుడు పటేలు ఏమన్నాడు, ఏం వండి పెట్టారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే, ఒక నోటుబుక్కులో రాయండి. ఫోన్‌లో రికార్డు చేసినా సరే. మీ గుడిలో పాత బాప్తిస్మాల రిజిస్టరు ఉంటే చెదలు పట్టకముందే ఫొటోలు తీసి ఉంచండి. ఆ పేర్లు ఇప్పుడు రాసుకోకపోతే ఇంకో పదేళ్లకు అడగడానికి మనిషి ఉండడు.